స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఓటు వేసే ముందు: రెప్ పాయింట్లను న్యాయంగా వాడే పద్ధతి

స్టాక్ ఓవర్‌ఫ్లో అంటే ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి, ఒకరికొకరు జవాబులు రాసుకునే సైటు. మన రాతకు ఇతరులు ఓటేస్తే వచ్చే పాయింట్లే రెప్యుటేషన్, పొట్టిగా ‘రెప్’. 15 పాయింట్లు చేరితే అప్‌ఓటు (పైబాణం) వేయొచ్చు. 50కి ఎవరి పోస్టు కిందైనా కామెంటు రాయొచ్చు. 125కి డౌన్‌ఓటు (కిందిబాణం) వేసే వీలు వస్తుంది. 2,000 దాటితే ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఇతరుల రాతల్ని దిద్దొచ్చు. 3,000కి ప్రశ్నను మూసేయడానికి ఓటు, 10,000కి తీసేయడానికి ఓటు. 2008లో సైటు మొదలైనప్పటి నుంచీ పద్ధతి ఇదే: పాయింట్లు పెరిగేకొద్దీ సైటు తాళాలు ఒక్కొక్కటిగా చేతికొస్తాయి. అంకెలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, కాబట్టి మీరు చూసే రోజున ఎంత ఉందో హెల్ప్ సెంటర్‌లోని ప్రివిలేజెస్ పేజీలో సరిచూసుకోండి.

ఇది గుర్తుంటే ఓటు బరువు తెలుస్తుంది. పైబాణం నొక్కడం అంటే ‘బాగుందండీ’ అని మర్యాదగా తలూపడం కాదు. ఆ రాసినవారికి తాళంచెవిలో కొంత భాగం ఇస్తున్నాం. స్నేహం కొద్దీ, మొహమాటం కొద్దీ వేసిన ఓట్లతో ఒకరు 3,000 చేరితే, రేపు కొత్తగా వచ్చిన విద్యార్థి అడిగిన మంచి ప్రశ్నను మూసేసే ముగ్గురిలో ఆయన ఒకరు కావచ్చు. ప్రశ్న మూతపడటానికి మూడు ఓట్లు చాలు. అందుకే ఓటు సరిగా వేయడం నేర్చుకోవాలి. పద్ధతి కష్టమైనదేమీ కాదు, కొంచెం ఓపిక కావాలి.

ఏ ఓటుకు ఎంత

ప్రశ్నకైనా జవాబుకైనా ఒక అప్‌ఓటు పడితే రాసినవారికి 10 పాయింట్లు. ప్రశ్నలకు ఒకప్పుడు 5 ఉండేవి. 2019 నవంబరులో 10 చేసి, పాత ఓట్లకూ అదే లెక్క కట్టారు. డౌన్‌ఓటు పడితే రాసినవారికి 2 తగ్గుతాయి. జవాబుకు డౌన్‌ఓటు వేస్తే వేసినవారి ఖాతాలోంచి కూడా 1 పోతుంది. ప్రశ్నకు వేస్తే ఏమీ పోదు. అడిగినవారు ఒక జవాబును యాక్సెప్ట్ చేస్తే, అంటే తమ సమస్యకు పనిచేసిందని టిక్కు పెడితే, రాసినవారికి 15, యాక్సెప్ట్ చేసినవారికి 2. కామెంట్లకు పడే ఓట్లతో పాయింట్లు రావు.

ఓట్ల ద్వారా ఒక రోజులో గరిష్ఠంగా 200 పాయింట్లే చేరతాయి. యాక్సెప్ట్ పాయింట్లు, బౌంటీలు (ఒకరు తమ సొంత పాయింట్లలోంచి ఇచ్చే బహుమతులు) ఈ కట్టడిలోకి రావు. మీరు వేయగలిగే ఓట్లకూ పరిమితి ఉంది: రోజుకు 30, ప్రశ్నలకు కూడా తగినన్ని వేస్తే 40 దాకా. సైటుకు రోజు మారేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి, అంటే మన గడియారంలో తెల్లవారుజామున 5:30కి.

ఈ అంకెల్లో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఒక జవాబుకు 3 అప్‌ఓట్లు, 5 డౌన్‌ఓట్లు పడ్డాయనుకోండి. పక్కన కనిపించే స్కోరు మైనస్ 2. రాసినవారి ఖాతాలో మాత్రం 30 చేరి 10 పోయి, 20 మిగులుతుంది. ఒక్క అప్‌ఓటు ఐదు డౌన్‌ఓట్ల నష్టాన్ని పూడుస్తుంది. అంటే డౌన్‌ఓటు ఉన్నది మనిషిని దండించడానికి కాదు, ఆ రాతను జాబితాలో కిందికి దించడానికి. ‘పాపం, ఆయన పాయింట్లు పోతాయేమో’ అని తప్పు జవాబును వదిలేసేవాళ్లు చాలామంది. పోయేది రెండు. అదే మొహమాటంతో ఓ పైబాణం నొక్కితే పది చేరతాయి. అన్యాయంగా వేసిన డౌన్‌ఓటు కంటే అన్యాయంగా వేసిన అప్‌ఓటే సైటుకు ఎక్కువ చెరుపు చేస్తుంది. అప్‌ఓటు వల్ల ఎవరూ నొచ్చుకోరు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

జవాబుకు ఓటేసే ముందు

ముందు స్కోరు చూడకండి. ఇది వినడానికి చిన్న మాటే, పాటించడం కష్టం. 2013లో లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. వార్తల మీద చర్చ జరిగే ఒక సైటులో 1,01,281 కామెంట్లు తీసుకుని, కొన్నిటికి యాదృచ్ఛికంగా ముందే ఒక అప్‌ఓటు తగిలించారు. అలాంటి కామెంటుకు తర్వాత చూసిన మొదటి పాఠకుడు అప్‌ఓటు వేసే అవకాశం 32 శాతం పెరిగింది, చివరికి మిగిలిన స్కోరు సగటున 25 శాతం ఎక్కువ వచ్చింది. ముందే డౌన్‌ఓటు తగిలించిన వాటిని మాత్రం తర్వాత వచ్చినవాళ్లు చాలావరకు సరిదిద్దారు. ఎవరో ఊరికే వేసిన ఒక్క ఓటు వెనకాల గుంపు నడుస్తుందన్నమాట.

దీనికి చేయగలిగింది ఉంది. జవాబుల వరుసను మార్చే పెట్టెలో స్కోరు బదులు తేదీ ఎంచుకోండి. అప్పుడు ఎక్కువ ఓట్లున్నది పైన కూర్చోదు. మూడు నాలుగు జవాబులు చదివి, ఏది పనికొస్తుందో మనసులో అనుకున్నాకే అంకె చూడండి.

తర్వాత ప్రశ్నను మళ్లీ ఒకసారి చదవండి, ముఖ్యంగా ట్యాగులు (ఏ విషయం గురించో చెప్పే గుర్తులు), వెర్షన్ నంబరు. జవాబు గొప్పగా ఉండి, అడిగినదానికి కాకుండా పక్కదానికి చెప్పి ఉండొచ్చు. అలాంటివి ఈ సైటులో కోకొల్లలు.

ఆ తర్వాత కోడ్ నడిపి చూడండి. నడిపి చూడటానికి మీ దగ్గర ఆ సరంజామా లేకపోతే, ఆ విషయం మీకు స్వయంగా తెలియకపోతే ఓటు వేయకుండా వదిలేయండి. ఓటు వేయకపోవడమూ న్యాయమైన పనే. తెలియని చోట ఊరుకున్నవాళ్ల వల్ల సైటుకు ఏ నష్టమూ లేదు.

నడిచిందంటే సరైనదని కూడా కాదు. వినియోగదారుడు ఒక గడిలో టైపు చేసిన పేరును డేటాబేస్‌లోకి ఎలా ఎక్కించాలని ఒకరు అడిగారనుకోండి. ఆ పేరును ప్లస్ గుర్తుతో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) వాక్యంలో అతికించమని జవాబు వచ్చింది. నడిపితే నడుస్తుంది, ‘రాము’ ఎక్కుతుంది, ‘సీత’ ఎక్కుతుంది. పేరులో ఒక కొటేషన్ గుర్తు వచ్చిందంటే వాక్యం విరుగుతుంది. ఎవరైనా కావాలని ఆ గడిలో ఎస్‌క్యూఎల్ ఆదేశమే టైపు చేస్తే పట్టికలే తుడిచిపెట్టుకుపోవచ్చు. విలువను వాక్యంలో కలపకుండా విడిగా, పారామీటర్‌గా పంపమని చెప్పేదే సరైన జవాబు. అతికించమన్న జవాబుకు ఎన్ని ఓట్లు ఉన్నా సరే, డౌన్‌ఓటు వేయాల్సిందే. హెల్ప్ సెంటర్ డౌన్‌ఓటుకు చెప్పే కారణాల్లో ప్రమాదకరంగా తప్పైన జవాబు ఒకటి, ఏ శ్రమా పడకుండా పారేసిన రాత మరొకటి.

పాతబడిన జవాబు సంగతి వేరు. పాండాస్ అనే పైథాన్ లైబ్రరీలో డేటాఫ్రేమ్‌కు (పట్టికకు) వరుస కలపడానికి ‘అపెండ్’ వాడమన్న జవాబు రాసిన రోజున సరైనదే. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌లో ఆ పద్ధతిని తీసేశారు, ఇప్పుడు ‘కాంక్యాట్’ వాడాలి. ఆ మనిషి తప్పు రాయలేదు, కాలం మారింది. ఇక్కడ మొదట చేయాల్సింది డౌన్‌ఓటు కాదు. ఫలానా వెర్షన్ నుంచి ఇది పనిచేయదని కింద కామెంటు రాయండి. కొత్త పద్ధతి చెప్పే జవాబు అదే పేజీలో ఉంటే దానికి అప్‌ఓటు వేయండి, లేకపోతే మీరే రాయండి. జవాబుల వరుసలో ‘ట్రెండింగ్’ అని ఒక ఎంపిక ఉంది; అది ఈమధ్య పడిన ఓట్లకు ఎక్కువ విలువ ఇస్తుంది కాబట్టి కొత్త జవాబుకు మీరు వేసే ఓటు అక్కడ బాగానే పనిచేస్తుంది.

చివరిగా, ఎందుకు పనిచేస్తుందో జవాబులో చెప్పారా? కోడ్ మాత్రమే అతికించి వెళ్లినది ఈరోజు ఒకరికి ఉపయోగపడుతుంది. రెండు వాక్యాల్లో కారణం చెప్పినది ఐదేళ్ల తర్వాత వచ్చినవారికీ ఉపయోగపడుతుంది. రెండూ సరైనవే అయినప్పుడు నా ఓటు రెండోదానికి వేయడం న్యాయమా అంటే, న్యాయమే. రెండింటికీ వేయొచ్చు కూడా. ఒక పేజీలో ఒక్క ఓటే అన్న నియమం లేదు.

చాట్‌జీపీటీ వంటి భాషా నమూనాలతో రాయించిన జవాబుల్ని స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే నిషేధించింది. అవి నున్నగా, తడబాటు లేకుండా ఉంటాయి. అందుకే చదవగానే సరైనవే అనిపిస్తాయి. అనుమానంతో మాత్రం డౌన్‌ఓటు వేయకండి. చక్కగా రాయడం నేరం కాదు. కోడ్ నడిపి చూసి, లేని ఫంక్షన్ పేరు వాడారని తేలితే తప్పు కాబట్టి డౌన్‌ఓటు వేయండి. యంత్రం రాసిందన్న ఆధారాలుంటే మోడరేటర్‌కు (సైటు పర్యవేక్షకులకు) ఫ్లాగ్ చేయండి, అంటే ఫిర్యాదు పంపండి. ఈ రెండు పనుల్నీ కలపొద్దు.

ప్రశ్నల దగ్గర

మౌస్‌ను ప్రశ్న పక్కన పైబాణం మీద పెడితే ఏం చూసి ఓటేయాలో సైటే చెబుతుంది: అడిగినవారు ముందు తాము వెతికారా, ప్రశ్న స్పష్టంగా ఉందా, ఉపయోగపడుతుందా. కింది బాణానికి దీని తిరగేత. ఇందులో ఎక్కడా ఇంగ్లీషు బాగుందా అని లేదు.

తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగులో చేరిన పిల్లలు మొదటి ప్రశ్న అడిగేటప్పుడు భాషతోనే సగం కుస్తీ పడతారు. పోర్చుగీసు, స్పానిష్, రష్యన్, జపనీస్ భాషల్లో స్టాక్ ఓవర్‌ఫ్లోకు విడి సైట్లున్నాయి గానీ తెలుగుకు లేదు. ప్రధాన సైటులో ఇంగ్లీషులోనే అడగాలి. మనం క్లాసులో ‘సార్, ఒక డౌట్’ అంటాం కదా, అదే అలవాటుతో ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అని మొదలుపెడతారు. అమెరికాలో చదివేవారికి ఆ మాట ప్రశ్నలా కాదు, నమ్మకం లేనట్టు వినిపిస్తుంది. ‘సర్’, ‘ప్లీజ్ హెల్ప్’, ముందుగానే థాంక్స్ చెప్పడం, ఇవన్నీ మన మర్యాదలు. ఆ సైటులో వాటిని దిద్దేటప్పుడు తీసేస్తారు. పదేళ్ల తర్వాత కూడా అదే పేజీని వేలమంది చదువుతారని, అసలు విషయం తప్ప మిగతాది ఉంచరు. తీసేస్తే అవమానమేమీ కాదు, కొత్తవారికి ఇది ముందే తెలిస్తే మంచిది.

ఇలాంటి ప్రశ్న కనిపించినప్పుడు మూడు సంగతులు చూడండి. ఎర్రర్ సందేశం అక్షరాలా ఇచ్చారా? సమస్యను తిరిగి పుట్టించేందుకు సరిపడా, అంతకు మించకుండా కోడ్ పెట్టారా? ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, రెండూ చెప్పారా? ఈ మూడూ ఉండి ఇంగ్లీషు మాత్రమే వంకరగా ఉంటే అప్‌ఓటు వేసి, ‘ఎడిట్’ నొక్కి వాక్యాలు సరిచేయండి. 2,000 లోపు ఉన్నవారి దిద్దుబాటు సమీక్షకు వెళుతుంది. ఆమోదిస్తే మీకు 2 పాయింట్లు, మొత్తం మీద 1,000 దాకా అలా సంపాదించొచ్చు. దిద్దేటప్పుడు వాళ్ల కోడ్‌ను ముట్టుకోకండి. మీరు సరిచేసిన కామా దగ్గరే వాళ్ల అసలు తప్పు ఉండొచ్చు, అది పోతే ప్రశ్నకే అర్థం పోతుంది.

కోడ్‌ను ఫొటో తీసి పెట్టారనుకోండి. దాన్ని కాపీ చేసి నడపలేం, వెతికితే దొరకదు. ముందు ఒక కామెంటు: ‘కోడ్‌ను బొమ్మగా కాకుండా అక్షరాలుగా పెట్టండి, అప్పుడే నడిపి చూడగలం.’ కొత్త ఖాతా అయితే కాసేపు ఆగండి. పరీక్షలో ఇచ్చిన ప్రశ్నను ఉన్నదున్నట్టు అతికించి ‘చేసిపెట్టండి’ అన్నవారి దగ్గర ఆగాల్సిన పనిలేదు. డౌన్‌ఓటుకు అది తగిన చోటే.

ప్రశ్నలకు వరసగా డౌన్‌ఓట్లు పడిన ఖాతాను కొత్త ప్రశ్నలు అడగకుండా సైటు దానంతటదే ఆపేస్తుంది. పాత ప్రశ్నలు డిలీట్ చేసినంత మాత్రాన ఆ ఆంక్ష పోదు, వాటినే దిద్ది బాగు చేసుకోవాలి. మొదటి ప్రశ్నకే నలుగురు కసిగా వేసిన ఓట్లు ఒక విద్యార్థిని ఎక్కడిదాకా తోసేస్తాయో ఆలోచించి కిందిబాణం మీద వేలు పెట్టండి. అప్పటికే మైనస్ 3 ఉన్న ప్రశ్నకు నాలుగోది వేయడం వల్ల ఎవరికీ కొత్తగా తెలిసేది లేదు. సందేశం ముందే చేరింది.

డౌన్‌ఓటు వేశాక

వేసిన ఓటును వెనక్కి తీసుకోవడానికి ఐదు నిమిషాల గడువుంది. ఆ తర్వాత అది బిగుసుకుపోతుంది, రాసినవారో మరొకరో పోస్టును దిద్దితేనే మళ్లీ తెరుచుకుంటుంది. ఈ నియమం మంచిదే: తప్పు దిద్దుకున్నవారికి ఓటు మార్చే దారి ఉంచింది. ఇబ్బంది ఏమిటంటే, డౌన్‌ఓటు వేసినవారు ఆ పేజీకి మళ్లీ రారు. అందుకే వేసిన వెంటనే పోస్టు కింద ఉన్న ‘ఫాలో’ నొక్కండి. దిద్దుబాటు జరిగినప్పుడు మీకు కబురు వస్తుంది. వచ్చి చూసి, సరిగా ఉంటే డౌన్‌ఓటు తీసేయండి. జవాబుకు వేసినప్పుడు పోయిన మీ 1 పాయింటు కూడా తిరిగొస్తుంది.

కారణం చెప్పాలా అంటే, సైటు నియమం ప్రకారం అక్కర్లేదు. చెబితే ఉపయోగం. చెప్పే తీరులో మాత్రం జాగ్రత్త కావాలి. ‘ఇది తప్పు’ అంటే రాసినవారికి ఏం చేయాలో తెలియదు. ‘పాండాస్ 2.0లో అపెండ్ లేదు, కాంక్యాట్‌తో రాయాలి’ అంటే ఐదు నిమిషాల్లో దిద్దుకోగలరు. తప్పు ఏ వరుసలో ఉంది, ఏ ఇన్‌పుట్‌కు విరుగుతుంది, బదులు ఏం కావాలి, ఇంతే. ‘నేనే డౌన్‌ఓటు వేశాను’ అని ప్రకటించుకోనక్కర్లేదు. అదే కారణం ముందే ఎవరో రాసి ఉంటే ఆ కామెంటుకు ఓటేసి ఊరుకోండి.

ఓట్లు రహస్యంగా ఉండటానికి కారణం ప్రతీకారం. ఇది ఊహ కాదు. ఈబేలో కొనేవారు, అమ్మేవారు ఒకరికొకరు బహిరంగంగా రేటింగ్ ఇచ్చుకునేవారు. నాసిరకం సరుకు పంపారని కొన్నవారు రాస్తే, అమ్మినవారు వెంటనే వాళ్ల మీద చెడ్డ రేటింగ్ పడేసేవారు. ఆ భయంతో కొన్నవాళ్లు నిజం రాయడం మానేశారు. చివరికి 2008లో అమ్మేవారు కొనేవారికి చెడ్డ రేటింగ్ ఇచ్చే వీలునే ఈబే తీసేసింది. ఎయిర్‌బీఎన్‌బీ 2014లో ఇంకో దారి పట్టింది: ఇద్దరూ రాసేదాకా, లేదా 14 రోజులు గడిచేదాకా ఒకరి రాత మరొకరికి కనిపించదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఆ రక్షణ ఓటుకు ఉంది, కామెంటుకు లేదు. మీ జవాబు కింద ఎవరో తప్పు చూపించారని, వెంటనే వాళ్ల ప్రొఫైల్ తెరిచి వెతకాలనిపిస్తే ఆ ట్యాబ్ మూసేయండి. డౌన్‌ఓటు వేసింది ఆయనేనని మీకు ఎప్పటికీ తెలియదు.

మనిషిని చూసి వేసే ఓట్లు

పెళ్లిలో చదివింపులు నోటుపుస్తకంలో రాసుకుని, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తిరిగి చదివిస్తాం. ఆ సంప్రదాయం అక్కడ అందంగానే ఉంటుంది. ఓట్ల దగ్గర అదే లెక్క పెట్టుకుంటే మోసం అవుతుంది. ‘నువ్వు నాకు వెయ్యి, నేను నీకు వేస్తాను’ అన్నది ఒక రకం. టీం వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి అందరూ ఓటేయమనడం ఇంకో రకం. రెండో ఖాతా తెరిచి తన జవాబుకు తానే వేసుకోవడం అన్నిటికంటే హీనమైనది. రెండు ఖాతాలుండటం తప్పు కాదు. ఒకటి ఇంకోదానికి ఓటేయడం తప్పు.

వీటికంటే సూక్ష్మమైనది, మంచి మనసుతో చేసేది మరొకటుంది. ఒకరి జవాబు మీ రెండు రోజుల తలనొప్పి తీర్చింది. కృతజ్ఞతతో ఆయన ప్రొఫైల్‌కు వెళ్లి, వరసగా పదిహేను జవాబులకు చదవకుండా పైబాణం నొక్కారు. సైటు దృష్టిలో ఇదీ సీరియల్ ఓటింగే. రోజూ యూటీసీ 3 గంటలకు, అంటే మన ఉదయం 8:30కి ఒక స్క్రిప్టు నడుస్తుంది. ఒకరి నుంచి ఒకరికే వరసగా పడిన ఓట్లను పట్టుకుని రద్దు చేస్తుంది. ఆయన నిన్న సంతోషించిన 150 పాయింట్లు పొద్దున్నే మాయమవుతాయి, రెప్ చరిత్రలో ఓట్లు సరిచేశామన్న వరుస ఒకటి మిగులుతుంది. ఎన్ని ఓట్లకు, ఎంత వ్యవధిలో పట్టుకుంటుందో సైటు బయటపెట్టదు. పెడితే ఆ గీతకు ఒక్క అడుగు ఇవతల నిలబడి అదే పని చేస్తారు.

కృతజ్ఞత చూపడానికి సక్రమమైన దారి బౌంటీ. ప్రశ్న అడిగి రెండు రోజులు దాటి, మీకు 75 పాయింట్లుంటే, 50 నుంచి 500 దాకా మీ సొంత పాయింట్లు పెట్టొచ్చు. కారణాల జాబితాలో ‘ఇప్పటికే ఉన్న జవాబుకు బహుమతి’ అన్నది ఎంచుకోండి. 24 గంటలు ఆగాక ఇవ్వొచ్చు, గడువు 7 రోజులు. పెట్టిన క్షణమే పాయింట్లు మీ ఖాతాలోంచి పోతాయి, తిరిగి రావు. అంత ఇవ్వలేకపోతే ఉపయోగపడిన ఆ ఒక్క జవాబుకు ఒక్క ఓటు చాలు.

సహోద్యోగుల సంగతికి ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి: ఈ పేజీకి నేను నా అవసరం కోసం వెతుక్కుంటూ వచ్చానా, లింకు పంపితే వచ్చానా? వెతుక్కుంటూ వస్తే, రాసింది పక్క సీటులో కూర్చునే ఆయనైనా, చదివి బాగుంటే వేయండి. లింకు పంపితే వచ్చినప్పుడు చదివి ఊరుకోండి. అడిగినవారు మేనేజరైతే కాదనడం కష్టమే. ‘ఒకే ఆఫీసు నుంచి ఓట్లు పడితే రద్దు కావొచ్చండీ, మీ ఖాతాకే ఇబ్బంది’ అనండి. అది అబద్ధమూ కాదు. ఏ పోస్టుకు ఎవరు వేశారన్నది మోడరేటర్లకు కనిపించకపోయినా, ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు ఓట్లు ఎక్కువగా పారుతున్నాయో వాళ్లు చూడగలరు. రుజువైతే ఖాతాను కొంతకాలం నిలిపేస్తారు, ఆ గడువంతా ప్రొఫైల్‌లో పాయింట్లు 1గా కనిపిస్తాయి.

మీ మీదే ఎవరో కక్షగా డౌన్‌ఓట్లు వేశారనిపిస్తే, కొన్ని నిమిషాల్లో వేర్వేరు పోస్టులకు ఐదారు పడితే, ముందు మర్నాడు ఉదయం 8:30 దాటేదాకా ఆగండి. చాలావరకు స్క్రిప్టే సరిచేస్తుంది. ఇంకో రోజు చూసినా మిగిలితే, మీ పోస్టుల్లో ఒకదాన్ని మోడరేటర్ జోక్యం కావాలని ఫ్లాగ్ చేసి, ఏ తేదీన ఏ పోస్టులకు పడ్డాయో రెండు వాక్యాల్లో రాయండి. ఎవరిమీద అనుమానమో కామెంట్లలో రాయొద్దు. ఒకటి రెండు డౌన్‌ఓట్లు పడితే అది కక్ష అనుకోకండి. ఆ జవాబును పరాయివాళ్లది అనుకుని మళ్లీ చదవండి, చాలాసార్లు కారణం కనిపిస్తుంది.

యాక్సెప్ట్ గుర్తు

ఇది అడిగినవారి సొంత నిర్ణయం. ‘నా సమస్యకు ఇది పనిచేసింది’ అని మాత్రమే దాని అర్థం. అన్నిటికంటే మంచి జవాబన్న అర్థం రాకుండా, యాక్సెప్ట్ చేసినదాన్ని ఎప్పుడూ పైనే ఉంచే పద్ధతిని 2021లో స్టాక్ ఓవర్‌ఫ్లో మానేసింది. ప్రశ్న అడిగిన పావుగంట తర్వాత యాక్సెప్ట్ చేయొచ్చు గానీ, ఒక రోజు ఆగడం మేలు. వెంటనే టిక్కు పెడితే ఇక పని అయిపోయిందనుకుని, ఇంకా మంచి జవాబు రాయగలవారు రారు. తర్వాత ఎప్పుడైనా టిక్కును వేరే జవాబుకు మార్చుకోవచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు. ‘దయచేసి యాక్సెప్ట్ చేయండి’ అని వెంటపడేవారికి లొంగకండి. ఏదీ పనిచేయకపోతే ఏదీ యాక్సెప్ట్ చేయకండి.

అంకెను చదవడం

వేయడంలో న్యాయం ఎంత అవసరమో, చదవడంలోనూ అంతే. 2009లో ఒక సాధారణ ప్రశ్నకు ముందుగా రెండు వరుసల జవాబు రాసినవారికి ఏటా ఓట్లు పడుతూనే ఉంటాయి. నిన్న ఒక కఠినమైన సమస్యకు ఆరు గంటలు కూర్చుని జవాబు రాసినవారికి రెండు ఓట్లు రావొచ్చు, ఎందుకంటే ఆ సమస్య వచ్చినవాళ్లే నలుగురు. జావాలో లక్ష పాయింట్లున్నవారు డేటాబేస్ గురించి చెప్పింది తప్పు కావొచ్చు. పేరు పక్కన అంకె మాత్రం అదే లక్ష. అందుకే ప్రొఫైల్‌లో మొత్తం కాకుండా ట్యాగుల పట్టిక చూడండి. ఒక ట్యాగులో బంగారు బ్యాడ్జి రావాలంటే కనీసం 200 జవాబులు, వాటి మీద మొత్తం 1,000 స్కోరు కావాలి. ఆ బ్యాడ్జి ఉన్నవారు ఆ ట్యాగులో ఒక ప్రశ్నను ‘ఇది ముందే అడిగినదే’ అని ఒంటరిగా మూసేయగలరు కూడా. ఉద్యోగానికి ఎంపిక చేసేవాళ్లయితే ఆ ట్యాగులో రెండు మూడు జవాబులు తెరిచి చదవండి. కింద కామెంట్లలో తప్పు చూపించినవారికి ఎలా బదులిచ్చారో చూస్తే, పాయింట్లు చెప్పనిది తెలుస్తుంది.

అంకె ఆటగా మారిపోవడం పాత జబ్బే. స్లాష్‌డాట్ అనే సైటు సభ్యుల ‘కర్మ’ను అంకెల్లో చూపించేది. జనం దాన్ని పెంచుకోవడమే పనిగా పెట్టుకుంటే ముందు 50 దగ్గర ఆపింది, ఆ తర్వాత అంకెలే తీసేసి ‘బాగుంది’, ‘చాలా బాగుంది’ వంటి మాటలు పెట్టింది. అక్కడ మార్కులు వేసే అవకాశం కూడా అందరికీ ఎప్పుడూ ఉండదు; కొందరికి కొన్ని ఓట్లిస్తారు, మూడు రోజుల్లో వాడకపోతే పోతాయి, మీరు మాట్లాడిన చర్చలో మీరు మార్కులు వేయలేరు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఈ చివరి నియమం లేదు. మీరు జవాబు రాసిన ప్రశ్నలోనే పోటీ జవాబులకు డౌన్‌ఓటు వేయొచ్చు. అనుమతి ఉన్నా, జవాబు ప్రమాదకరం కాకపోతే అక్కడ ఆ పని మరొకరికి వదిలేయడమే మంచిదని మా అభిప్రాయం. తప్పు కనిపిస్తే కామెంటులో చెప్పండి, ఓటు బయటివారు వేస్తారు.

మీ ఓట్ల జాబితా మీ ప్రొఫైల్‌లోనే, యాక్టివిటీ కింద ‘ఓట్స్’ అన్న ట్యాబులో ఉంటుంది. మీకు తప్ప ఎవరికీ కనిపించదు. నెలకోసారి తెరిచి, ఒకే పేరు పదేపదే వస్తోందా చూడండి. తర్వాత డౌన్‌ఓట్ల వరుస తెరవండి. మీరు వేశాక దిద్దుకున్న పోస్టులు అందులో ఉంటే ఒక్కొక్కటీ మళ్లీ చదివి, ఇప్పుడు సరిగా ఉన్నవాటి మీద కిందిబాణాన్ని ఇంకోసారి నొక్కండి, ఓటు పోతుంది.